నిమ్మ ఉప్పు మీద పడిన నింద

పొద్దున్నే పరగడుపున గోరువెచ్చటి నీళ్లలో నిమ్మకాయ పిండుకుని, కాస్త తేనె కలిపి, ఒంట్లోని విషాలన్నీ కొట్టుకుపోతాయన్న నమ్మకంతో తాగే పెద్దమనిషే, మధ్యాహ్నం జామ్ సీసా వెనక ‘సిట్రిక్ యాసిడ్’ అని చదివి దాన్ని పక్కకు నెట్టేస్తాడు. పొద్దున గ్లాసులో తాగిన పులుపూ, ఈ సీసా మీద రాసి ఉన్న పులుపూ ఒకటేనండీ అంటే నమ్మడు. ‘అది సహజం, ఇది కెమికల్’ అంటాడు. అంతటితో వాదన ముగిసిందని ఆయన లెక్క.

ఆయనొక్కడే అయితే పోనీలే అనుకోవచ్చు. వంట వీడియోలో ఎవరైనా చిటికెడు నిమ్మ ఉప్పు, అంటే ఈ సిట్రిక్ యాసిడే, వేస్తే చాలు, జనానికి విషం పెడుతున్నావని తిట్లు మొదలవుతాయి. పెళ్లి భోజనంలో పులిహోర కాస్త ఎక్కువ పుల్లగా తగిలితే ‘నిమ్మ ఉప్పు కొట్టారట’ అని బంతిలో గుసగుసలు. ప్రకృతి జీవనం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు మైదా, పంచదారల సరసన దీన్నీ తెల్లపొడుల జాబితాకు ఎక్కించేశారు. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కూడా ఇదే పాట పాడుతున్నారు.

ఈ అభిప్రాయం తప్పు. హాని లేని తప్పయితే దీని మీద ఇంత కాగితం ఖర్చు చేయనక్కర్లేదు. కానీ ఈ భయం మనల్ని జాగ్రత్తపడాల్సిన చోట పడనివ్వకుండా, అక్కర్లేని చోట వణికిస్తోంది. నిమ్మ ఉప్పు పొట్లాన్ని గడప దాటనివ్వని ఇళ్లలోనే, బాత్‌రూము మూల పాత కూల్‌డ్రింకు సీసాలో పొగలు కక్కే యాసిడ్ పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. ‘ఫ్యాక్టరీలో బూజుతో చేస్తారండీ’ అన్నది వీళ్ల మొదటి అస్త్రం. నిజమే, బూజుతోనే చేస్తారు. 1784లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే నిమ్మరసం నుంచి ఈ ఆమ్లాన్ని మొదటిసారి స్ఫటికాలుగా వేరుచేశాడు. రసంలోకి సున్నం పదార్థం వేసి ఆమ్లాన్ని ముద్దగా కిందికి దింపడం, ఆ ముద్ద మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి పులుపును విడిపించడం ఆయన పద్ధతి. ఆ తర్వాత చాలాకాలం ప్రపంచానికి నిమ్మ ఉప్పు ప్రధానంగా ఇటలీ నిమ్మకాయల నుంచి, ముఖ్యంగా సిసిలీ నిమ్మతోటల నుంచి వచ్చింది. 1893లో వేమర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కొన్ని బూజులు చక్కెర తిని సిట్రిక్ ఆమ్లాన్ని వదులుతాయని కనిపెట్టాడు. 1917లో అమెరికాలో జేమ్స్ కరీ అనే ఆహార రసాయనవేత్త ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజులో కొన్ని రకాలు ఈ పని బ్రహ్మాండంగా చేస్తాయని తేల్చాడు. రెండేళ్లకే ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లో తయారీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారవుతోంది. అందులో సింహభాగం చైనాదే.

ఆ నల్లబూజును మన ఇళ్లలో చూడనివాళ్లు ఉండరు. ఉల్లిపాయ పై పొర ఒలిచినప్పుడు కింద మసి రాసినట్టు నల్లటి పొడి కనిపిస్తుంది చూడండి, చాలావరకు అదే. దాన్ని కడిగేసి ఉల్లిపాయ తరుక్కుంటాం. ఫ్యాక్టరీలో మొలాసిస్ లాంటి చక్కెర నీళ్ల మీద దాన్నే పెంచుతారు, పని అయ్యాక వడకట్టి పారేస్తారు. మిగిలిన ద్రవాన్ని సున్నంతో, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధి చేసి, బొగ్గుపొడిలో వడగట్టి, పలుకులుగా గట్టిపడనిస్తారు. అంటే షీలే నిమ్మరసానికి చేసిన మర్యాదే బూజు రసానికీ జరుగుతోంది. సల్ఫ్యూరిక్ పేరు వినగానే గుండె పట్టుకునేవాళ్లు ఓసారి పంచదార మిల్లు చూసి రావాలి. మన దేశంలో చాలా మిల్లుల్లో చెరకు రసాన్ని సున్నంతో, గంధకం పొగతో తేరుస్తారు. ఆ పంచదార కాఫీలో కలుపుకునేటప్పుడు గంధకం తాగుతున్నామని ఎవరూ అనుకోరు. ఇక సూక్ష్మజీవులంటే రోత అనేవాళ్లతో వాదించడం నావల్ల కాదు. పెరుగు తోడుకున్నదీ, ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగిందీ వాటి చలవే.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. బూజుతో తయారైన సిట్రిక్ ఆమ్లం కొందరిలో కీళ్లనొప్పులు, కడుపునొప్పి, ఆయాసం లాంటివి తెస్తుందేమోనని అనుమానిస్తూ 2018లో ఒక వైద్య పత్రం వచ్చింది. ఎదుటిపక్షం దాన్ని జెండాలా ఊపుతుంది. ఆ పత్రంలో ఉన్నది నలుగురు రోగుల కథ. మానేస్తే తగ్గింది, తింటే వచ్చింది అని వాళ్లు చెప్పిన అనుభవం. పరిశోధన మొదలుపెట్టడానికి అది కారణం అవుతుంది, కోట్లమంది వంటింటి మీద తీర్పు చెప్పడానికి చాలదు. తనకు పడటం లేదని ఎవరికైనా గట్టిగా అనిపిస్తే మానేయడంలో తప్పేమీ లేదు. వంకాయ పడనివాళ్లు వంకాయ మానేస్తారు, వంకాయను నిషేధించమనరు.

రెండో అస్త్రం క్యాన్సర్. దీని చరిత్ర వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1976 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం చేతులు మారింది. ఆహారంలో కలిపే పదార్థాల సంకేత సంఖ్యలు వేసి, ఇవి మంచివి, ఇవి అనుమానాస్పదం, ఇవి క్యాన్సర్ తెచ్చేవి అని విడగొట్టిన కాగితమది. అన్నిటికంటే ప్రమాదకరమైనదిగా అందులో ఈ330 పేరు వేశారు. ఈ330 అంటే మన సిట్రిక్ ఆమ్లమే. కాగితం మీద విల్‌జ్వీఫ్‌లోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి పేరుండటంతో డాక్టర్లు, టీచర్లు కూడా నమ్మేశారు. ఆ కాగితంతో మాకు సంబంధం లేదని ఆసుపత్రి ఎంత మొత్తుకున్నా జెరాక్సులు ఆగలేదు. సిట్రిక్ ఆమ్లానికీ క్యాన్సర్‌కూ ముడి ఎలా పడిందన్న దానికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. మన కణాల్లో తిండి శక్తిగా మారే రసాయన చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించాడు, 1953లో నోబెల్ అందుకున్నాడు. దాన్ని క్రెబ్స్ చక్రం అనీ, సిట్రిక్ ఆమ్ల చక్రం అనీ అంటారు. జర్మన్‌లో క్రెబ్స్ అంటే క్యాన్సర్ కూడా. ఎవరో పుస్తకం సగం చదివి, మనిషి ఇంటిపేరును జబ్బు పేరు చేశారన్నమాట. ఆ ఫ్రెంచి కాగితం కాలం చెల్లిపోయినా, అందులోని సంఖ్యలు ఇవాళ మన వాట్సాప్ జాబితాల్లో కొత్త బట్టలు కట్టుకుని తిరుగుతున్నాయి.

ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1973లోనే దీన్ని పరిశీలించి, రోజుకు ఇంతకు మించి తినకూడదన్న హద్దు పెట్టనక్కర్లేదని తేల్చింది. అలా తేల్చడానికి ధైర్యం ఎక్కడిదంటే, ఈ ఆమ్లం మన ఒంటికి పరాయిది కాదు. ఊపిరి తీసే ప్రతి కణంలోనూ క్షణక్షణం పుడుతుంది, ఖర్చవుతుంది. మన ఎముకల్లోనూ ఉంది.

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే మొదట పరిగెత్తేది ఓఆర్ఎస్ పొట్లం కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న పాళ్ల ప్రకారం లీటరు నీళ్లకు సరిపోయే ఇరవైన్నర గ్రాముల పొడిలో 2.9 గ్రాములు ట్రైసోడియం సిట్రేటు. అంటే సిట్రిక్ ఆమ్లపు లవణం. 1984కు ముందు ఆ స్థానంలో వంటసోడా ఉండేది. ఉక్కపోత దేశాల్లో ఆ పొట్లాలు నిలవుండక పాడవుతుంటే దాన్ని తీసేసి సిట్రేటును తెచ్చారు. రక్తదానం చేసినవాళ్లు సంచిలో ముందే కొద్దిగా ద్రవం ఉండటం గమనించే ఉంటారు. అందులోనూ సిట్రేటే. రక్తంలోని కాల్షియాన్ని అది పట్టుకోవడం వల్ల రక్తం గడ్డకట్టదు. 1914లో బెల్జియంలో హ్యూస్టిన్, అర్జెంటీనాలో అగోతె ఈ కిటుకును మనుషుల మీద వాడి చూపించేదాకా రక్తాన్ని నిలవచేయడం సాధ్యపడలేదు. బిడ్డ కడుపులోకీ, రోగి నరాల్లోకీ పంపుతున్న పదార్థం పచ్చడిలో చిటికెడు పడితే కొంప మునుగుతుందని ఎలా అంటారు?

‘సహజం’ అన్న ముద్ర మీద అంత గురి ఉన్నవాళ్లు కిడ్నీ రాళ్ల డాక్టరు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే మంచిది. రాళ్లున్నవాళ్లకు ఆయన తగ్గించమనేది పాలకూర, చుక్కకూర. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి రాయి కడుతుంది. చాలామందికి ఆయన రాసిచ్చేదేమో పొటాషియం సిట్రేటు. పెరట్లో మొలిచిన ఆకు రాయి వేస్తుంటే, ఫ్యాక్టరీలో పుట్టిన సిట్రేటు దాన్ని అడ్డుకుంటోంది. చుక్కకూర పప్పు నాకు ప్రాణం, దాని మీద నాకే కోపమూ లేదు.

ఇంకో తమాషా. కడుపు ఉబ్బరానికి నీళ్లలో వేసుకునే ఈనో పొట్లం మన దేశంలో ఆయుర్వేద మందుగా అమ్ముడవుతుంది. దాని మీద పదార్థాల పేర్లు చదవండి. స్వర్జిక్షారం, నింబుకామ్లం అని ఉంటాయి. మొదటిది వంటసోడా, రెండోది సిట్రిక్ ఆమ్లం, అయిదు గ్రాముల పొట్లంలో రెండు గ్రాములకు పైనే. రవ్వ ఇడ్లీ పిండిలో ఆ పొట్లం చించి పోసి, ‘మేం నిమ్మ ఉప్పు వాడమండీ’ అనే ఇల్లాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక వంట. పులుపుకు మన దగ్గర కొదవ లేదు. చింతపండులో ఉండేది ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్, వెనిగర్‌లో ఎసిటిక్. నిమ్మ, పచ్చిమామిడి, టమాటాల్లో ముందుండేది సిట్రిక్. మామిడికాయ పప్పులోనూ టమాటా పచ్చడిలోనూ పుట్టినప్పటి నుంచి తింటున్నదే ఇది. మన చిన్న నిమ్మకాయ పిండితే మూడు చెంచాల రసం వస్తుందనుకుందాం, అందులో నూటికి అయిదారు పాళ్లు సిట్రిక్ ఆమ్లం. ఆ లెక్కన గ్రాము నిమ్మ ఉప్పు ఒకటి రెండు కాయల పులుపుతో సమానం. ‘చిటికెడు చాలు’ అని పాత వంటవాళ్లు అనడం పిసినారితనం కాదు.

పన్నీరు చేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. లీటరు చిక్కటి పాలు పొంగు రానిచ్చి, దించి, పొంగు అణిగి పైన మీగడ ముడత పడబోయేదాకా ఆగాలి. రెండు గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే చిన్న టీ చెంచాలో సగం లోపు, కప్పు వేడినీళ్లలో కరిగించి సన్నటి ధారగా పోస్తూ గరిటెతో మెల్లగా తిప్పాలి. మొదట ఏమీ జరగదు. తర్వాత గరిటె అంచున చిన్న చిన్న తరకలు కనిపిస్తాయి. ఉన్నట్టుండి పాలు తెల్లటి ముద్దలుగా, మధ్యలో లేత పచ్చ రంగు విరుగుడు నీళ్లుగా విడిపోతాయి. అక్కడే ఆపేయాలి, కప్పులో ఇంకా మిగిలినా సరే. మిగిలింది కూడా పోస్తే పన్నీరు ఇసుక పలుకుగా, రబ్బరులా తయారవుతుంది. ఇదే పని నిమ్మకాయతో చేస్తే ఒక కాయలో రసం ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. వానాకాలం కాయ ఒకలా, ఎండాకాలం కాయ ఒకలా. పైగా పన్నీరుకు నిమ్మ వాసన పట్టుకుంటుంది, పాయసానికో రసమలైకో వాడబోతే అది తెలిసిపోతుంది.

ఈ నిలకడలేనితనం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికాలో మనవాళ్లు చాలామంది వేసవిలో పెరటి టమాటాలు పండించి సీసాల్లో నిలవ చేసుకోవడం నేర్చుకున్నారు. గాలి చొరబడని సీసాలో పులుపు తక్కువైతే బొటులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతక విషం పుట్టే ప్రమాదం ఉంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగితే ఆ భయం ఉండదు. అక్కడి వ్యవసాయశాఖ ఇచ్చే సూచన ఏమిటంటే, దాదాపు లీటరు పట్టే సీసాకు అర టీ చెంచా సిట్రిక్ ఆమ్లం వేయండి, లేదా సీసాల్లో అమ్మే నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు పోయండి. అప్పుడే కోసిన నిమ్మకాయను నమ్ముకోవద్దంటారు, దాని పులుపు కాయకూ కాయకూ మారుతుంది కాబట్టి. ప్రకృతిని నెత్తిన పెట్టుకునేవాళ్లకు ఈ సలహా మింగుడుపడదు.

జామకాయ జెల్లీ గడ్డకట్టాలన్నా, పంచదార పాకం చల్లారాక పలుకు కట్టకుండా ఉండాలన్నా, తరిగిన ఆపిల్ ముక్కలు నల్లబడకుండా ఉండాలన్నా కాస్త పులుపు పడాలి. నిమ్మరసం చేసే ఈ పనులన్నీ నిమ్మ ఉప్పూ చేస్తుంది. పప్పులో మాత్రం ఏ పులుపైనా ఉడికాకే వేయాలి, ముందే వేస్తే పప్పు మొండికేస్తుంది. నిమ్మ ఉప్పుకూ ఈ నియమంలో మినహాయింపు లేదు.

అలాగని నిమ్మకాయ స్థానంలో పొడిని కూర్చోబెట్టమని నేననడం లేదు. నిమ్మకాయ పులిహోర రుచి సగం పులుపులో ఉంటే మిగతా సగం తొక్కలోని నూనెల వాసనలో ఉంది. ఆ వాసన పొడికి లేదు. సి విటమిన్ కూడా లేదు. అది వేరే ఆమ్లం. ఒకప్పుడు ఓడల్లో నావికులు సి విటమిన్ అందక స్కర్వీతో చచ్చిపోతుంటే పులుపే మందనుకుని వెనిగర్, గంధకామ్లం కూడా తాగించి చూశారు, ఫలితం లేకపోయింది. కాబట్టి పొడి కలిపిన నీళ్లను నిమ్మరసం పేరుతో అమ్మితే అది మోసం. పులిహోరలో నిమ్మ ఉప్పు వేసి ‘నిమ్మకాయ పులిహోర’ అని వడ్డించే హోటల్లోంచి నేనైతే లేచి వచ్చేస్తాను. కానీ అక్కడ నా ఫిర్యాదు వంటవాడి నిజాయితీ మీద. ఆ ప్లేటు తిని నాకేదో జబ్బు చేస్తుందని కాదు. పానీపూరి బండి విషయంలోనూ ఇంతే. ‘ఆ నీళ్లలో నిమ్మ ఉప్పు కలుపుతాడు’ అని భయపడేవాళ్లు, ఆ నీళ్లు ఏ కుళాయివో, ఎవరి చేతులు అందులో మునుగుతున్నాయో అడగరు. టైఫాయిడ్ వచ్చేది అటువైపు నుంచి.

పళ్ల విషయంలో నిమ్మ ఉప్పుది తప్పే. పంటి మీది ఎనామెల్‌ను పులుపు కరిగిస్తుంది. పరగడుపు నిమ్మనీళ్లు కూడా అంతే కరిగిస్తాయి, పెద్దమనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చేయకూడదు.

‘ఇల్లు కడిగేదాన్ని ఒంట్లో వేసుకుంటారా?’ అన్నది మూడో అస్త్రం, వీటన్నిటిలోకీ బోలు వాదన. చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతాం, దాంతోనే చారు పెడతాం. ఉప్పుతో గిన్నె రుద్దుతాం, ఉప్పే అన్నంలో వేసుకుంటాం. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లలో చింతపండు రెబ్బో, పిండేసిన నిమ్మ చెక్కో వేయడం మన ఇళ్లలో చాలామందికి అలవాటు. వేయకపోతే అల్యూమినియం పాత్ర లోపల నల్లగా మారుతుంది. అక్కడ పనిచేసేది ఆమ్లమే.

బోరు నీళ్లతో బతికే ఇళ్లకు నిమ్మ ఉప్పు ఎంత అక్కరకొస్తుందో చెప్పాలంటే కరెంటు కెటిల్ మూత తీస్తే చాలు. మంచినీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మన బోర్లలో చాలావాటికి ఆ పై గీత కూడా లెక్కలేదు. కొన్ని వారాలకే కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, నీళ్లు మరగడానికి ఎక్కువసేపు పడుతుంది, టీలో తెల్లటి పొరలు తేలతాయి. స్టీలు పీచుతో గీకితే గిన్నె గీతలు పడుతుంది, పెచ్చు మాత్రం కదలదు. లీటరు నీళ్లు గోరువెచ్చగా చేసి, రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అందులో పోసి చూడండి. అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తాయి, చెవి దగ్గర పెడితే సోడా సీసా మూత తీసినట్టు చిన్న చప్పుడు. సున్నపు పెచ్చు బొగ్గుపులుసు వాయువుగా, కాల్షియం సిట్రేటుగా విడిపోతోందన్నమాట. అరగంటకు అడుగు స్టీలు కనిపిస్తుంది. ఒకసారి కడిగి, మంచినీళ్లు మరిగించి పారబోస్తే వాడకానికి సిద్ధం. తొందరపడి ఆ నీళ్లను కుతకుతా మరిగించకూడదు. కాల్షియం సిట్రేటు చల్లటి నీళ్లలో కన్నా వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది, మళ్లీ తెల్లటి పొడిగా గోడలకు అంటుకుంటుంది. నిమ్మరసంతోనూ ఈ పని అవుతుంది కానీ ముప్పై నలభై కాయలు పిండాలి, ఆపైన రసంలోని చక్కెరా పిప్పీ కెటిల్‌లో మిగులుతాయి.

షవర్ కన్నాలు, కుళాయి మూతిజాలీలు, స్టీలు సింకు మీది తెల్లమరకలు, అన్నిటికీ ఇదే మందు. వాషింగ్ మెషీన్‌కు వాడేముందు దాంతో వచ్చిన పుస్తకం చూసుకోవాలి. గీజరును మెకానిక్‌కు వదిలేయడం మేలు.

నేల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడే మనవాళ్లు భయపడాల్సింది పోయి ధైర్యం చేస్తారు. తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు, ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలరాయీ అంతే. మొజాయిక్‌లోని చలువరాయి ముక్కలూ, వాటిని పట్టి ఉంచే సిమెంటూ కూడా ఆమ్లానికి లొంగేవే. కెటిల్‌లో పెచ్చును కరిగించిన పదార్థం ఈ బండను వేరే బంధువుగా చూడదు, అదే మర్యాద చేస్తుంది. తాండూరు బండ మీద నిమ్మ ఉప్పు నీళ్లు పది నిమిషాలు నిలిస్తే మెరుపు పోయి గరుకు మచ్చ మిగులుతుంది, ఎంత తుడిచినా పోదు. నిమ్మ చెక్కతో రుద్దినా అంతే. ‘సహజమైన క్లీనర్’ అని నమ్మి పూజగదిలో పాలరాతి గద్దెను నిమ్మకాయతో మెరిపించబోయి మసకబార్చుకున్న ఇళ్లున్నాయి. నిమ్మ అయినా నిమ్మ ఉప్పు అయినా రాయికి తేడా తెలియదు.

ఇప్పుడు బాత్‌రూము మూల సీసా దగ్గరికి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మూత తీస్తేనే ముక్కులో మంట, ఒంటి మీద పడితే కాలుతుంది, కళ్లలో పడితే చూపే పోవచ్చు. ఇలాంటి ఆమ్లాలతో ముఖాల మీద జరిగిన దాడుల తర్వాత 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొనేవాడి గుర్తింపు చూడాలి, పుస్తకంలో రాయాలి అని ఆదేశాలున్నాయి. అయినా తోపుడుబండి మీద, లేబుల్ లేని సీసాలో కొనుక్కునే అలవాటు పోలేదు. టైల్స్ మీది తెల్లమరకకు, కమోడు అంచున చారకు నిమ్మ ఉప్పు నీళ్లు చాలు. ఏళ్ల తరబడి గట్టిపడిన చారయితే రాత్రంతా నాననివ్వాలి, రెండోసారి వేయాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలా నిమిషంలో కొరికేయదు నిజమే. ఆ నిదానం వల్లే పొగ రాదు, ఇంట్లో ఉంచుకోవడానికి గుండె ధైర్యం అక్కర్లేదు. పొడి కళ్లలో పడితే మాత్రం మంటెత్తుతుంది, నీళ్లతో బాగా కడుక్కోవాలి. చేతికి చిన్న గాయమున్నా గ్లౌజులు వేసుకోవాలి.

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఏ ఆమ్లాన్నయినా, నిమ్మరసాన్నయినా, బ్లీచింగ్ పౌడరుతోనో బ్లీచ్ ద్రవంతోనో కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు వేసిన చిన్న బాత్‌రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నిమ్మ ఉప్పు విషమని ఊరంతా చాటేవాళ్లు ఈ హెచ్చరిక ఒక్కసారైనా చెప్పగా నేను వినలేదు.

అభిమానుల వెర్రి కూడా తక్కువేం లేదు. వంటసోడా, నిమ్మ ఉప్పు కలిపి తూములో పోసి, బుసబుస నురగ చూసి మురిసిపోతారు. ఆ నురగలో ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తినేసుకుంటున్నాయి. మిగిలేది సోడియం సిట్రేటు కలిసిన ఉప్పునీళ్లు, అడ్డుపడిన జిడ్డు అక్కడే ఉంటుంది. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి. ముఖానికి నిమ్మ ఉప్పు రాసుకుంటే తెల్లబడతారని చెప్పేవాళ్లూ బయల్దేరారు. చర్మం మండి నల్లమచ్చలు మిగలడం తప్ప వేరే ఫలితం ఉండదు. కొనేటప్పుడు ‘అన్నా, ఇది వంటకా, సామాన్లు కడగడానికా?’ అని అడిగే అక్కయ్యలది సరైన ప్రశ్న. వంటకు కావాలంటే తయారీదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉన్న ప్యాకెట్ తీసుకోవాలి. రసాయనాల దుకాణంలో గోనెసంచిలోంచి తూచి ఇచ్చేది కెటిల్‌కు సరే, కూరకు వద్దు.

చివరికి నిమ్మ రైతు పేరు చెప్పి వాదించేవాళ్లు మిగిలారు. ఈ పొడి వల్లే గూడూరులో, ఏలూరులో, నకిరేకల్‌లో రైతు మునిగిపోతున్నాడంటారు. రైతు మీద ప్రేమ మంచిదే కానీ లెక్క కుదరదు. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది పదిహేను రూపాయలకు చేరినప్పుడు నిమ్మ ఉప్పు ప్రతి కిరాణా కొట్లోనూ చవగ్గానే దొరుకుతోంది, అయినా జనం కాయ కోసమే వెతికారు. వానాకాలంలో కాయ ఒక్కసారిగా మార్కెట్‌ను ముంచెత్తి ధర పడిపోవడానికి కారణాలు కోత కాలంలో, నిలవ సౌకర్యాలు లేకపోవడంలో ఉన్నాయి. నిమ్మ ఉప్పు కాయకు పోటీ వచ్చేది ఒక్కచోటే, కాయ పేరు పెట్టుకుని కాయ లేకుండా అమ్మే పానీయాల్లో. తాగడానికి సిద్ధంగా అమ్మే నిమ్మ పానీయంలో కనీసం 5 శాతం రసం ఉండాలని మన ఆహార నిబంధనల్లో ఉంది. సీసా మీద నిమ్మకాయ బొమ్మ పెద్దగా వేసి, పదార్థాల జాబితాలో చిన్న అక్షరాలతో రుచి, రంగు, సిట్రిక్ ఆమ్లం అని మాత్రమే రాసినవాటిని పట్టుకుని నిలదీయాల్సింది అక్కడ. రసం శాతం ఎంతో సీసా ముందువైపునే, బొమ్మ పక్కనే పెద్ద అంకెల్లో వేయమని అడిగితే, రైతుకు మేలు, కొనేవాడికీ మేలు.